పని పంచారు, నిర్ణయం మీ దగ్గరే పెట్టుకున్నారు

ప్రశ్న

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కంపెనీ వివరాలు పక్కన పెట్టి ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 34 ఏళ్ళు. అమెరికాలోని డాక్టర్లకు మెడికల్ బిల్లింగ్ చేసిపెట్టే కంపెనీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నారు. మొదట్లో హైదరాబాద్‌లో ఉండేవారు. 2021లో అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఇంటి నుంచే పనిచేస్తానని కంపెనీని అడిగి, భర్తా కూతురితో హన్మకొండ వచ్చేశారు. ఏడాదిన్నర కిందట ఆమెను టీం లీడ్‌ని చేశారు. ఇన్సూరెన్స్ కంపెనీలు తిప్పికొట్టిన క్లెయిమ్‌లను సరిచేసి, డాక్టర్లకు రావలసిన డబ్బు రాబట్టడం వాళ్ళ టీం పని. ఏడుగురున్నారు. ఇద్దరు కరీంనగర్‌లో, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు జగిత్యాలలో, ఒకరు ఖమ్మంలో, ఒకమ్మాయి మందమర్రిలో. ఇంతవరకు ఏడుగురూ ఒకచోట కలిసింది ఒక్కసారే.

"నేను క్లెయిమ్‌లు చేసే రోజుల్లో మా టీంలో నేనే ఫస్ట్ ఉండేదాన్ని. ఇప్పుడు ఏడుగురి పనీ నేనే చేస్తున్నట్టుంది. సాయంత్రం ఆరున్నరకు షిఫ్ట్ మొదలైతే తెల్లవారుజామున మూడున్నరకు అయిపోవాలి. నేను కంప్యూటర్ ముందు నుంచి లేచేసరికి ఐదవుతుంది. వాళ్ళు రాసిన అప్పీల్ లెటర్లు నచ్చక నేనే కూర్చుని మళ్ళీ రాస్తాను. బాధపడతారని వాళ్ళకు చెప్పను" అని రాశారు.

మొదట్లో ఆమె ఇలా లేరట. ఆరు నెలల కిందట జగిత్యాల అబ్బాయి చేతిలో ఒక క్లెయిమ్ గడువు దాటిపోయింది. 4,200 డాలర్లు. క్లయింట్ గొడవ చేశాడు, మేనేజర్ అందరి ముందూ ఆమెను నిలదీశాడు. "ఆ గడువు నాకు తెలుసు. వాడికీ తెలుసనుకున్నాను" అంటున్నారు. అప్పటి నుంచి ఏ క్లెయిమ్ అయినా తను చూశాకే వెళ్ళాలన్నారు. మీటింగ్‌లో కెమెరా ఆన్‌లో ఉండాలన్నారు. వాట్సాప్ గ్రూప్ పెట్టి, అనుమానం వస్తే స్క్రీన్‌షాట్ పెట్టమన్నారు.

సద్దుల బతుకమ్మ నాడు లీవు పెట్టి కూతురితో పద్మాక్షి గుట్ట దగ్గరికి వెళ్తే పదకొండు ఫోన్లు వచ్చాయి. "ఎనిమిదింటికి 'ఆ, చెయ్యి' అనే చెప్పాను. నా బిడ్డ పక్కింటావిడ చెయ్యి పట్టుకుని ఆడింది" అని రాశారు.

హైదరాబాద్‌లో ఉన్న ఇద్దరిలో ఒకాయన ఒకప్పుడు ఈమెకు పని నేర్పిన సీనియర్. 'అన్నా' అని పిలుస్తారు. లీడ్ పోస్టు తనకు రాలేదని ఆయనకు మనసులో ఉంది. చెప్పిన పని చేస్తాడు, అంతకు మించి ఒక్క మాట మాట్లాడడు. మందమర్రి అమ్మాయి మొదట్లో గలగలా మాట్లాడేది, రెండు నెలలుగా నోరు విప్పడం లేదు. కెమెరా పెట్టమంటే నెట్ బాగాలేదంటుంది. మానేస్తుందేమోనని భయం. మేనేజర్ ఏమో అప్పుడప్పుడు టీం వాళ్ళకే నేరుగా మెసేజ్ పెట్టి వేరే పని చెబుతుంటాడు. ఇప్పుడు అందరి కంప్యూటర్లలో మౌస్ కదలికలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ వేద్దామంటున్నాడు.

ఆమె అడిగింది ఇదీ: "సాఫ్ట్‌వేర్‌కు ఒప్పుకోమంటారా? మళ్ళీ హైదరాబాద్ వెళ్ళి ఆఫీసులో కూర్చోమంటారా? లేక లీడ్ పని వద్దని చెప్పి పాత పనికి వెళ్ళిపోమంటారా? మా ఆయన మూడోదే చెయ్యమంటున్నారు."

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అలసటే కనబడింది. రెండోసారి ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. వాళ్ళ లెటర్లు మీరే మళ్ళీ రాస్తున్నారు, ఆ సంగతి వాళ్ళకు చెప్పడం లేదు.

కరీంనగర్‌లో ఉన్న పిల్లవాడి వైపు నుంచి ఒకసారి చూడండి. అతను లెటర్ రాసి మీకు పంపాడు. రెండు రోజులకు అది వెళ్ళిపోయింది, కొన్నాళ్ళకు డబ్బు వచ్చింది. తాను రాసిందే గెలిచిందని అతను అనుకుంటున్నాడు. రేపు అదే తప్పుతో ఇంకో లెటర్ రాస్తాడు. అతని మనసు నొప్పించకూడదని మీరు పడుతున్న తాపత్రయం అతను పని నేర్చుకోవడాన్ని ఆపేసింది. మీ నిద్రనూ తీసుకుపోయింది. ఇంకోవైపు, కొంచెం తెలివైన పిల్లలకు ఈపాటికి సంగతి అర్థమయ్యే ఉంటుంది. ఎలా రాసినా అక్క మారుస్తుందని తెలిశాక, బాగా రాయాలన్న పట్టుదల ఎవరికి మాత్రం ఎన్నాళ్ళుంటుంది?

సద్దుల నాటి పదకొండు ఫోన్ల సంగతి చూడండి. ఎనిమిదింటికి 'ఆ, చెయ్యి' అన్నారు. అంటే ఆ ఎనిమిదిసార్లూ జవాబు వాళ్ళకు తెలుసు. తెలిసి కూడా ఫోన్ చేశారంటే, చేసెయ్యడానికి వాళ్ళకు అనుమతి లేదు. మీరు పని పంచారు గానీ నిర్ణయం మీ దగ్గరే పెట్టుకున్నారు. నిర్ణయం ఒక్కరి దగ్గరుంటే ఏడుగురూ ఆ ఒక్కరి గుమ్మం ముందు నిలబడాల్సిందే.

మీరు ఇలా మారడానికి కారణం ఆ 4,200 డాలర్లు కాబట్టి దాన్నే ముందు విప్పుకుందాం. మీరు రాసిన వివరాలను బట్టి ఆ క్లెయిమ్ మొదట సీఓ 16 అనే కోడ్‌తో తిరిగొచ్చింది, అంటే సమాచారం సరిపోలేదని. జగిత్యాల అబ్బాయి కావలసిన కాగితం కోసం డాక్టర్ ఆఫీసుకు మెయిల్ పెట్టాడు, జవాబు కోసం ఎదురుచూశాడు. వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. సరిచేసి పంపితే ఈసారి సీఓ 29తో, గడువు దాటిందని తిరిగొచ్చింది. సీఓ అంటే ఇన్సూరెన్స్‌తో డాక్టర్‌కున్న ఒప్పందం కిందికి వచ్చేది, అలా అన్నాక ఆ డబ్బు పేషెంటు దగ్గర వసూలు చేసుకోవడానికీ ఉండదు, డాక్టరే వదులుకోవాలి. క్లయింట్‌కు కోపం రావడంలో తప్పు లేదు.

ఇందులో ఆ అబ్బాయి చేసిన తప్పేమిటి? అడగాల్సిన కాగితం అడిగాడు. మెడికేర్, అంటే అమెరికాలో పెద్దవయసు వాళ్ళకు ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్ అయితే వైద్యం చేసిన రోజు నుంచి ఏడాది లోపు క్లెయిమ్ వేసుకోవచ్చు. ప్రైవేట్ ఇన్సూరెన్సుల్లో ఒక్కోదానిది ఒక్కో గడువు, 90 రోజులే ఇచ్చేవీ ఉన్నాయి. ఆ కంపెనీ గడువు పదకొండేళ్ళ అనుభవం ఉన్న మీకు నోటికి వచ్చు. అతనికి ఎక్కడ రాసిపెట్టి ఉంది? ఆ క్లెయిమ్ మీద ఆఖరి తేదీ వేసి, ఈ తేదీ లోపు జవాబు రాకపోతే నాకు చెప్పు అని ఎవరైనా అన్నారా? ఆ తేదీ మీ తలలో ఉంది, క్లెయిమ్ అతని చేతిలో ఉంది. రెండింటి మధ్య డబ్బు పోయింది. ఆ తర్వాత మీరు చేసిన ఏర్పాట్లన్నీ మనుషుల మీద నిఘా పెంచాయి. ఆ తేదీ మాత్రం ఇప్పటికీ మీ తలలోనే ఉంది. ఇవాళ మీకు జ్వరమొస్తే అదే తప్పు మళ్ళీ జరుగుతుంది.

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయిలో సర్దార్‌గా, అంటే బాయి లోపల ఒక భాగం భద్రత చూసుకునే పనిలో చేసి రిటైరయ్యారు. బాయి దిగాక ఎవరేం చేస్తున్నారో పైన ఆఫీసులో కూర్చున్న మేనేజర్‌కు కనబడదు. కనబడని చోట మనుషుల చేత పని చేయించడం మనకు కరోనాతో వచ్చిన విద్య అనుకుంటాం గానీ, సింగరేణి కంపెనీ 1920లో ఏర్పడిన నాటి నుంచీ అక్కడ జరిగేది అదే. మా నాన్న షిఫ్ట్‌లో బాయి లోపల తనకు అప్పజెప్పిన భాగమంతా తిరిగేవారు. కర్రతో రూఫ్ మీద కొట్టి మోత వినేవారు, గట్టిగా ఉంటే ఒక మోత, బోలుగా ఉంటే ఇంకో మోత. గ్యాస్ చూసేవారు. షిఫ్ట్ అయ్యాక ఎంత అలసిపోయినా రిజిస్టర్‌లో రాసి, సంతకం పెట్టాకే ఇంటికి. తర్వాతి షిఫ్ట్ సర్దార్ అది చదువుకుని దిగేవాడు. ఆయన కోపం నేను చూసింది చాలా తక్కువ. ఒకసారి మాత్రం ఇంటికొచ్చాక కూడా చల్లారలేదు. ముందు షిఫ్ట్ అతను రిజిస్టర్‌లో 'అంతా ఓకే' అని రాసిపోయాడట. "ఎక్కడ ఓకే? పన్నెండో లెవెల్‌లో నిన్న బోలుగా మోగిన చోట టింబర్ పెట్టిండా లేదా? నేను ఏం చూసుకొని పోరగాళ్ళను లోపటికి పంపాలె?" అని అమ్మతో అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

మీ టీం వాళ్ళు క్లెయిమ్ మీద రాసే నోట్స్ ఒకసారి తెరిచి చూడండి. 'ఫాలో అప్ డన్', 'ఇన్ ప్రాసెస్' అని ఉంటే అది 'అంతా ఓకే' లాంటిదే. ఎవరితో మాట్లాడారు, కాల్ రిఫరెన్స్ నంబర్ ఎంత, వాళ్ళు ఏమన్నారు, ఇప్పుడు ఎవరి నుంచి ఏమి రావాలి, అది రాకపోతే మనం మళ్ళీ కదలాల్సిన తేదీ ఏది, క్లెయిమ్ ఆఖరి గడువు ఏది. ఇవి ఉంటే ఖమ్మంలో ఒకరు సెలవు పెట్టినా కరీంనగర్‌లో ఇంకొకరు అక్కడి నుంచే అందుకోగలరు. ఆ క్లెయిమ్ కథ చెప్పడానికి మీరు అక్కర్లేదు. నన్నడిగితే మిగతా ఏ మార్పు కన్నా ముందు ఇది చేయాలి. ఒక్కో ఇన్సూరెన్స్ గడువు ఎంతో మీ తలలోంచి దించి ఒక షీట్‌లో పెట్టండి. ప్రతి క్లెయిమ్ పక్కన ఆఖరి తేదీ పడాలి. దానికి ముప్పై రోజులు ముందే అది షీట్‌లో ఎర్రగా కనబడాలి. ఒక ఆదివారం కూర్చుంటే అయ్యే పని. ఆ 4,200 డాలర్ల లాంటి నష్టాన్ని చాలావరకు ఈ షీటే ఆపుతుంది.

ఇక నిర్ణయాలు. మీ టీంలో జరిగే వాటిని మూడు రకాలుగా విడదీసి చూడమంటాను. చేసెయ్యి, చేసి చెప్పు, అడిగి చెయ్యి. సీఓ 18, అంటే డూప్లికేట్ అని వచ్చింది, పాత క్లెయిమ్‌కు డబ్బు వచ్చేసిందో లేదో చూసుకుని సరిచేయడం 'చేసెయ్యి'లో పడుతుంది. దానికి మీకు ఫోన్ అక్కర్లేదు. సీఓ 16లో కాగితం తెప్పించి మళ్ళీ పంపడం 'చేసి చెప్పు'. సీఓ 50, అంటే ఈ వైద్యం అవసరమే లేదని ఇన్సూరెన్స్ వాదించినవి, అప్పీల్‌తో గెలవాలి, వాటిలో పెద్ద మొత్తాలు 'అడిగి చెయ్యి'. డబ్బు వదులుకునే విషయం ఏదైనా క్లయింట్ ఒప్పుకున్న హద్దు లోపలే. ఆ హద్దు ఎంతో కూడా అందరికీ తెలియాలి, మీకూ మేనేజర్‌కే తెలిస్తే లాభం లేదు. మూడూ కలిపి ఒక్క పేజీలో రాయండి. కంపెనీ ఎస్ఓపీ, అంటే పని పద్ధతుల పుస్తకం అరవై పేజీలుంటుంది, రాత్రి పన్నెండింటికి ఎవరూ అది తెరవరు. మీ పేజీ గోడకు అంటించుకునేంత ఉండాలి.

ఆ పేజీ మీరొక్కరే రాయకండి. ఏ పని ఎవరు రోజూ చేస్తున్నారో వాళ్ళ చేతే మొదటి కాపీ రాయించండి. జగిత్యాల అబ్బాయి చేత సీఓ 16 భాగం రాయించండి. దెబ్బ తిన్నవాడికి ఆ దారిలో గోతులు ఎక్కడున్నాయో బాగా తెలుసు. ఆరు నెలలుగా అందరి ముందూ తలదించుకుని తిరుగుతున్న పిల్లవాడికి మీరు ఇవ్వగలిగిన గౌరవం కూడా అదే.

దీనికి ఒక మూల్యం ఉంటుంది. మొదటి నెల పని నెమ్మదిస్తుంది, కొన్ని తప్పులు దొర్లుతాయి. అందుకే అన్నీ ఒకేసారి వదలమనడం లేదు. ఇప్పుడు పదికి పదీ చూస్తున్నారు. కొత్తవాళ్ళవి పదింటిలో నాలుగు, బాగా చేసేవాళ్ళవి పదింటిలో ఒకటి చూడండి. ఏవి చూస్తారో ముందు చెప్పకండి. లెటర్‌లో తప్పు కనబడితే చెయ్యి ఆపుకోండి, మీరు దిద్దకండి. రెండు చోట్ల గీత గీసి 'ఇక్కడ డాక్టర్ నోట్స్‌లో ఉన్న కారణం రాయలేదు, చూడు' అని వెనక్కి పంపండి. మీరు తిరగరాస్తే పది నిమిషాలు, వెనక్కి పంపి నేర్పిస్తే అరగంట. మొదటి మూడు వారాలు ఈ అరగంట చాలా బరువనిపిస్తుంది, 'ఛ, నేనే రాసేస్తే పోయేది' అని చెయ్యి లాగేస్తుంది. ఆ మూడు వారాలే కష్టం.

మీ అన్న విషయం. ఉత్తరంలో ఆయన గురించి రాసిన చోట మీ బాధ వేరుగా ఉంది. పని నేర్పినవాడికి పని చెప్పాల్సి రావడం మీకూ ఇబ్బందే, ఆయనకూ ఇబ్బందే. ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా ఏడాదిన్నర నెట్టుకొచ్చారు. 'అన్నా' అని పిలవడం మానక్కర్లేదు, మన దగ్గర ఆ పిలుపు తీసేస్తే మనిషిని దూరం పెట్టినట్టే. కానీ ఒకరోజు, పని వేళలో కాకుండా, విడిగా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. "అన్నా, ఈ పోస్టు మీకు వస్తుందనుకున్నారు, నాకు తెలుసు. నేను దీన్ని మోయలేకపోతున్నాను. అప్పీళ్ళు మొత్తం మీరు చూసుకోండి, పెద్ద మొత్తాలు కూడా. నన్ను అడగాల్సినవి రెండే ఉంటాయి" అని. 'సాయం చెయ్యండి' అని ఊరుకుంటే అది కూడా ఇంకో పని అప్పజెప్పడమే అవుతుంది. ఒక విభాగం పూర్తిగా ఆయన చేతికి ఇవ్వాలి, మంచైనా చెడైనా ఆయన పేరే క్లయింట్‌కు కనబడాలి.

ఆయన కరిగిపోతే మీ బరువులో మూడో వంతు ఆ రోజే దిగుతుంది. ఒప్పుకోకపోవచ్చు కూడా, 'నాకెందుకమ్మా, నా క్లెయిమ్‌లు నేను చేసుకుంటా' అనవచ్చు. అప్పుడు బలవంతం చేయకండి. ఆయన పని ఆయన బాగానే చేస్తున్నాడు, అది చాలు. అప్పీళ్ళు ఇంకొకరికి నేర్పుకోండి, ఆలస్యమైనా సరే. ఆయన మౌనాన్ని తప్పుగా తీసుకుని మేనేజర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. అక్కడితో ఆ బంధం అయిపోతుంది.

వాట్సాప్ స్క్రీన్‌షాట్ల సంగతి ఎక్కువ చెప్పను. రేపే ఆపేయండి. పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, జబ్బు వివరం ఉన్న బొమ్మ మీ ఏడుగురి సొంత ఫోన్లలో, పిల్లలు ఆటలాడుకునే ఫోన్లలో ఉందంటే, పేషెంట్ల వివరాలను కాపాడటానికి అమెరికాలో 1996 నుంచి ఉన్న హిపా చట్టం ప్రకారం అది చాలా పెద్ద తప్పు. 4,200 డాలర్ల దగ్గర ఆగేది కాదు. కంపెనీ ఇచ్చిన చాట్‌లోనే అడగమనండి. పాతవి అందరి చేతా తీసేయించండి, అది జరిగిందని మేనేజర్‌కు కూడా చెప్పండి. దాచిపెడితే ఆ భయం మిమ్మల్ని వెంటాడుతుంది.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలు.

సాఫ్ట్‌వేర్ పెడితే మౌస్ ఎంతసేపు కదిలిందో తెలుస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి నలభై నిమిషాలు హోల్డ్‌లో ఉన్న పిల్ల మౌస్ కదలదు. ఆమె ఆ రోజు పని చేయనట్టు లెక్క వస్తుంది. మౌస్ ఊరికే అటూ ఇటూ కదుపుతూ కూర్చున్నవాడు బాగా చేసినట్టు వస్తుంది. నేను 2020 లాక్‌డౌన్‌లో ఒక కంపెనీలో టీం చూసేదాన్ని. భయంతో రోజుకు నాలుగుసార్లు స్టేటస్ కాల్ పెట్టాను. టీంలో అందరికన్నా మంచిగా పనిచేసే అమ్మాయి రెండో నెలలో రాజీనామా ఇచ్చింది. "మేడం, పనిచేసే టైం కన్నా పనిచేస్తున్నానని చెప్పుకునే టైమే ఎక్కువైంది" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే ఉంటుంది. అయినా నిర్ణయం మీ మేనేజర్‌ది కావచ్చు. ఉత్త 'వద్దు' అంటే ఆయన వినడు. వారానికి ఎన్ని క్లెయిమ్‌లు తేలాయి, ఎంత డబ్బు వచ్చింది, ముప్పై రోజుల్లో గడువు ముగిసేవి ఎన్ని మిగిలాయి అన్న మూడు లెక్కలు ప్రతి శుక్రవారం నేనే పంపిస్తాను, మూడు నెలలు ఆగండి అని అడగండి. ఆయనకు కావలసింది భరోసా. అది ఇంకో దారిలో దొరికితే ఆయన కూడా ఆలోచిస్తాడు. అయినా వేస్తానంటే, వేసిన సంగతి టీంకు ముందే చెప్పాలని మాత్రం పట్టుబట్టండి. తెలియకుండా వేశారని తర్వాత బయటపడితే వాళ్ళు నిందించేది మిమ్మల్నే.

అదే మాటల్లో ఇంకొకటి కూడా అడగాలి. ఆయన నేరుగా టీం వాళ్ళకు పని చెప్పడం. మీరు దాన్ని ఉత్తరంలో ఒక్క ముక్కలో దాటేశారు, నాకు మాత్రం అది చిన్న విషయంగా అనిపించలేదు. మీరు ఒకటి చెప్పి, ఆయన ఇంకొకటి చెబితే ఆ పిల్లలు ఎవరి మాట వినాలి? అందుకే ప్రతిదీ మిమ్మల్ని మళ్ళీ అడుగుతున్నారేమో. "సార్, అర్జెంట్ ఉంటే మీరే చెప్పండి, కానీ నన్ను కూడా ఆ మెసేజ్‌లో పెట్టండి" అంటే ఆయనకు చిన్నతనం ఉండదు, మీకు పని తెలుస్తుంది.

హైదరాబాద్ వెళ్ళడం. మీరు ఆఫీసులో కూర్చున్నా మీ వాళ్ళలో ఐదుగురు కరీంనగర్‌లో, జగిత్యాలలో, ఖమ్మంలో, మందమర్రిలోనే ఉంటారు. పదకొండు ఫోన్లు హన్మకొండకు బదులు హైదరాబాద్‌కు వస్తాయి. మేనేజర్ కళ్ళ ముందు ఉంటారు కాబట్టి ఆయనతో కొంత సులువవుతుంది, ప్రమోషన్ల దగ్గర కూడా కలిసిరావచ్చు. దానికోసం అమ్మను, పాప బడిని కదిలించాలా అన్నది మీ ఇంటి లెక్క. ఈ కష్టం తీరుతుందని మాత్రం వెళ్ళకండి. దానికన్నా ఆరు నెలలకోసారి ఏడుగురినీ ఒకరోజు ఒకచోట చేర్చడానికి కంపెనీని ఖర్చు అడగండి. హన్మకొండకే పిలవండి, కాజీపేట జంక్షన్ ఉంది, చాలామందికి రైలు సులువు. పొద్దున పని మాటలు, మధ్యాహ్నం కలిసి భోజనం. ముఖం తెలిసినవాళ్ళు చాట్‌లో 'అక్కా, అర్థం కాలేదు' అనడానికి భయపడరు.

లీడ్ పని వదిలేయడం. మీ ఆయన మీ ఆరోగ్యం చూసి అంటున్నారు, ఆ మాటలో తప్పు లేదు. వెనక్కి వెళ్తే పరువు తక్కువేమీ కాదు. క్లెయిమ్‌లు చేయడం మీకు ఇష్టం, అందులో మీరు ఫస్ట్. వదిలితే నిద్ర దొరుకుతుంది, పండక్కి ఫోన్ మోగదు. జీతంలో తేడా ఎంత వస్తుందో, మళ్ళీ కావాలంటే ఈ అవకాశం ఎన్నేళ్ళకు వస్తుందో ముందే కనుక్కోండి. కొత్త లీడ్ ఎవరొస్తారో, వాళ్ళు మీ ఇంటి నుంచి పనిని ఇలాగే కొనసాగనిస్తారో లేదో అది కూడా ఆలోచించండి. మీకు నిజంగా మనుషులను నడపడం ఇష్టం లేదా, లేక ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో ఇష్టం లేదా? ఉత్తరం చదివితే నాకు రెండోదే అనిపించింది, కానీ నేను మీ ఇంట్లో లేను. ఐదింటి దాకా మేలుకోవడం వల్ల ఇప్పటికే ఒంట్లో తేడాలు వస్తుంటే మాత్రం మూడు నెలలు ఆగమని నేను చెప్పను. ముందు డాక్టర్‌ను కలవండి, నిద్రకు గంట ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే మిగతావి.

ఆరోగ్యం బాగుంటే, ప్రయత్నించడానికి ఒక మంచి రోజు దగ్గర్లోనే ఉంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, సోమవారం నుంచి మీ షిఫ్ట్ ఎటూ ఏడున్నరకు మారుతుంది. అందరి దినచర్యా ఎలాగూ మారుతుంది కాబట్టి ఆ సోమవారమే కొత్త పేజీ మొదలుపెట్టండి. షిఫ్ట్ మొదట్లో పావుగంట అందరూ కలవాలి, కెమెరా ఎవరిష్టం వాళ్ళది. 'నీ పని ఎంతవరకు వచ్చింది' అని అడగకండి. 'ఎక్కడ ఆగింది' అని అడగండి. నెట్ పోతే, కరెంట్ పోతే ఎవరికి చెప్పాలో, ఎవరు అందుకోవాలో కూడా ఆ పేజీలో ఉండాలి. మార్చి రెండో ఆదివారం గడియారాలు మళ్ళీ ముందుకు జరుగుతాయి. ఆలోపు మీ ఫోన్లు ఎన్ని తగ్గాయో మీకే తెలిసిపోతుంది. తగ్గకపోతే అప్పుడు మీ ఆయన చెప్పిన దారి ఉండనే ఉంది, అప్పుడు వెళ్ళినా 'ప్రయత్నించలేదు' అన్న బాధ ఉండదు.

ఇవన్నీ సోమవారం దాకా ఆగవచ్చు. మందమర్రి అమ్మాయి విషయం ఆగకూడదు. వాళ్ళ నాన్న సింగరేణిలో చేస్తారని, క్వార్టర్‌లో ఉంటారని రాశారు. నేను పెరిగింది అలాంటి క్వార్టర్‌లోనే. రెండు గదులు. నాన్నకు పొద్దున షిఫ్ట్ పడితే చీకటితోనే లేవాలి, రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో దీపాలు ఆరిపోయేవి, మేము గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళం. ఆ అమ్మాయి రాత్రి పదకొండింటికి ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడాలి, వాళ్ళు 'వినబడటం లేదు, గట్టిగా చెప్పండి' అంటారు, గోడకు అటువైపు తండ్రి పడుకుని ఉంటాడు. కెమెరా పెడితే వెనకాల చాప, పడుకున్న తమ్ముడు కనబడతారు. ఇదే కారణమని నేను అనడం లేదు, ఇంకేదైనా కావచ్చు. అడిగితేనే తెలుస్తుంది. ఇదే అయితే దారి సులువు. షిఫ్ట్ మొదట్లో, ఇల్లు మేలుకుని ఉన్న గంటల్లో ఆమెకు కాల్స్ ఇవ్వండి. రాత్రి పొద్దుపోయాక పోర్టల్‌లో స్టేటస్ చూడటం, లెటర్లు రాయడం లాంటి నోరు తెరవక్కర్లేని పని ఇవ్వండి. ఇంకొకరితో మార్చుకుంటే సరిపోతుంది.

ఇవాళే ఫోన్ చేయండి. షిఫ్ట్‌కు ముందు, కెమెరా లేకుండా. పని మాట ఎత్తకుండా ముందు వాళ్ళ నాన్నకు ఈ వారం ఏ షిఫ్టో అడగండి.